బెల్లం నిమ్మకాయ తరఫున

ఆంధ్రావాళ్ల ఊరగాయ అంటే కారం అని లోకమంతా అనుకుంటోంది. లోకం సంగతి పక్కన పెట్టండి, మనమే అట్టా అనుకుంటున్నాం. మెస్‌లో ఎవరైనా బెల్లం నిమ్మకాయ సీసా మూత తీస్తే చాలు, "ఏందిరా, జామ్ తెచ్చుకున్నావా?" అని ఒకడు, "చిన్నపిల్లల ఊరగాయ" అని ఇంకొకడు. కళ్లల్లో నీళ్లు తిరిగితేనే ఊరగాయ, చెవుల్లోంచి పొగలొస్తేనే ఆంధ్రా అన్నట్టు తయారయ్యాం. రీల్స్ చేసేవాళ్లకి ఇది బాగా పనికొచ్చింది. ఎర్రటి నూనె తేలే గిన్నెలో వేడి వేడి అన్నం కలిపితే లైకులు పడతాయి. గోధుమరంగు పాకంలో మెత్తబడిన నిమ్మముక్కకి కెమెరా ముందు అంత అందం లేదు, నిజమే.

నా అభిప్రాయం మాత్రం వేరు. మన ఊరగాయల్లో అన్నింటికంటే తెలివైనది తీపి నిమ్మకాయ. నెల్లూరు తీరం వాళ్లకి దానికి కావలసినవి దాదాపు అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. పైగా స్టవ్ లేని, నూనె కాచే వీల్లేని హాస్టల్ గదిలో మనంతట మనం పెట్టుకోగలిగిన ఊరగాయ ఇది.

కారం గొప్పలు చెప్పుకునేవాళ్లకి ముందు ఒక్క మాట. మిరపకాయ మన నేలది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల ఓడలెక్కి 16వ శతాబ్దంలో ఇటు వచ్చింది. అంతకుముందు మనవాళ్లకి ఘాటు కావాలంటే మిరియాలు, ఆవాలు, అల్లం. ఉప్పు, పులుపు, బెల్లం మాత్రం అప్పటికే ఇంట్లో ఉన్నాయి. కాబట్టి "అసలైన ఆంధ్రా రుచి" అనే పందెం పెట్టుకుంటే తీపి నిమ్మకాయ ఓడిపోయేదేమీ కాదు. నాకు ఆ పందెం మీద అంత ఆసక్తి లేదు గానీ, పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెబుతున్నా.

ఇక చేతికందే దూరం సంగతి. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్ల గురించి మన కాలేజీలో నెల్లూరు వైపు వాళ్లందరికీ తెలుసు. బస్తాలకెక్కిన కాయ అక్కడి నుంచి లారీల్లో ఢిల్లీ దాకా పోతుంది. వెంకటగిరి దగ్గర పెట్లూరులో నిమ్మజాతి పంటల పరిశోధన కేంద్రమే ఉంది, అక్కడ ఎంపిక చేసిన రకానికి ఆ ఊరి పేరే పెట్టి పెట్లూరు సెలెక్షన్-1 అంటారు. (2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు గూడూరు, వెంకటగిరి తిరుపతి జిల్లా లెక్కలోకి పోయాయి. నిమ్మచెట్టుకి ఆ గీత తెలియదు, మా ఇంట్లోవాళ్లకీ తెలియదు. వాళ్లకి ఇప్పటికీ అది నెల్లూరు నిమ్మకాయే.) ఉప్పు చూస్తే అల్లూరు మండలం ఇస్కపల్లిలో సముద్రపు నీటిని మళ్లల్లోకి పెట్టి, ఎండకి ఇంకబెట్టి, గోరి కుప్పలు పోస్తారు. ఎండ గురించి నెల్లూరోళ్లకి చెప్పాలా? బెల్లం ఒక్కటి మాత్రం చిత్తూరు వైపు నుంచో, ఇంకాస్త దూరం నుంచో రావాలి.

అన్నీ దగ్గరే ఉన్నాయి గానీ అన్నీ ఒకే నెలలో దొరకవు. చిక్కంతా అక్కడే ఉంది. ఎండలు ముదిరితే నిమ్మకాయ ధర ఆకాశంలో ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో దేశంలో చాలా చోట్ల కిలో 200 రూపాయలు దాటిపోయింది, కూరగాయల బండివాడు కొసరుగా ఒక కాయ వేయడం కూడా మానేశాడు. వానలు పడి, చల్లబడి, షోడాలు తాగేవాళ్లు తగ్గేసరికి ధర పడిపోతుంది. ఒక్కోసారి ఎంతగా పడుతుందంటే, కోత కూలి కూడా రాదని రైతు కాయని చెట్టు కిందే వదిలేస్తాడు. సరే, చవకగా ఉన్నప్పుడే ఊరగాయ పెడదామంటే మన దగ్గర అప్పుడు ఎండ ఉండదు. రాష్ట్రంలో చాలా జిల్లాలకి నైరుతి ముఖ్యమైతే, నెల్లూరుకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మబ్బు, తుపాను, గోడలకి చెమ్మ. అంటే కాయ చవకైనప్పుడు సూర్యుడు లేడు, సూర్యుడు దండిగా ఉన్నప్పుడు కాయ కొనలేం. ఆప్టిమైజేషన్ లెక్కల్లో రెండు కర్వులు ఒకదాన్నొకటి కోసుకునే చోటు వెతుకుతాం చూడండి, అదే ఇది. ఆ చోటు సంక్రాంతి తర్వాత వస్తుంది. వాన వెనక్కి పోయి ఉంటుంది, ఎండ గట్టిపడుతుంటుంది, ధర ఇంకా ఎండాకాలం మెట్లెక్కి ఉండదు. మా అవ్వ ఏ కర్వూ గీయలేదు. "పండగ కానీ, కొనుక్కొద్దాం" అంటుంది, అంతే.

మనం హాస్టల్లో రెండు జాడీలు పెడితే గూడూరు రైతు బాగుపడతాడని చెప్పేంత అమాయకుణ్ణి కాదు. ధర పడినప్పుడు కాయని ఎక్కువ కాలం నిలబెట్టే ఏర్పాటు ఊరి దగ్గరే ఉండాలన్నది పెద్ద విషయం, దాని మీద వేరే వ్యాసం రాయాలి. కానీ నాలుగు నెలల్లో పది రెట్లు ఊగే ధర గురించి ప్రాజెక్టు ప్రజెంటేషన్‌లో మాట్లాడే మనం, ఆ ఊగిసలాటకి ఇళ్లల్లో ఎప్పటినుంచో ఉన్న జవాబుని పేరు పెట్టి పిలవడం కూడా నేర్చుకోలేదు. నిల్వ పెట్టడం ఒక టెక్నాలజీ. జాడీ దాని పరికరం.

తెలివైనది అన్నాను కదా, ఎందుకో చెబుతా. ఊరగాయని చెడగొట్టేవి బాక్టీరియా, బూజు, ఈస్ట్‌లు. వాటిని ఆపడానికి మనిషి దగ్గర ఉన్న ఉపాయాలు కొన్నే. నీళ్లు వాటికి అందకుండా చేయడం ఒకటి, పులుపు పెంచడం ఇంకొకటి. ఉప్పు కణాల్లోంచి నీటిని లాగేస్తుంది, మిగిలిన నీటిని తనతో కట్టేసుకుంటుంది. బెల్లం కూడా అదే పని చేస్తుంది. మనం ఆస్మాసిస్ అని పరీక్షలో రెండు మార్కులకి రాసిందే. పులుపు విషయానికొస్తే, పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉంటే బాట్యులిజం తెచ్చే బాక్టీరియా ఎదగలేదన్నది ఆహార నిల్వ శాస్త్రంలో మొదటి పాఠం. నిమ్మరసం పీహెచ్ 2, 2.5 మధ్య ఉంటుంది. అంటే నిమ్మకాయ చెట్టు మీద ఉండగానే సగం ఊరగాయ.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. అమెరికా సినిమాల్లో, బర్గర్ల మధ్యలో పచ్చటి కీర ముక్కలు కనిపిస్తాయే, వాటిలో ఒక రకం తీపి డిల్ పికిల్. కీరకి ఉప్పు, పంచదార, వెనిగర్, డిల్ ఆకు కలిపి పెడతారు. ఆ డిల్ మనకి కొత్తదేం కాదు, సోయికూర అని కట్టలు అమ్ముతారు. ఆ చిన్న కీరకాయలు కూడా మన దగ్గర పండేవే. 1990ల మొదట్లో కర్ణాటకలో మొదలై తర్వాత తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణలకి పాకిన పంట. 2020-21లో వాటి ఎగుమతి 20 కోట్ల డాలర్లు దాటింది. పండించేది మనం, సీసా కొనేది వాళ్లు. ఈ మధ్య ఆ రీల్స్ చూసి మనోళ్లు ఒకరిద్దరు హాస్టల్లో కీరతో ప్రయోగం మొదలుపెట్టారని విన్నాను. చేయండి, కాదనను. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. కీరలో సొంత పులుపు లేదు. దాని పీహెచ్ 5 పైనే. వెనిగర్ కొలత తగ్గిందంటే అది ఊరగాయ కాదు, బాక్టీరియాకి పెట్టిన విందు. అక్కడివాళ్లు పులుపు సీసాలోంచి పోస్తారు, మనం పులుపున్న కాయనే ఎంచుకున్నాం. ఉప్పు, పులుపు, తీపి అనే మూడు కాళ్ల పీట రెండు చోట్లా ఒకటే. కానీ మొదటిసారి పెట్టేవాడికి నిమ్మకాయ పొరపాట్లని క్షమించినట్టు కీర క్షమించదు.

మూడు కాళ్లు అని ఊరికే అనలేదు. ఉప్పు నీళ్లలోనో నిమ్మరసంలోనో పెట్టే ఊరగాయకి ఉప్పే ప్రధాన కాపలా అయితే అది 12 శాతానికి తగ్గకూడదని మన ఆహార నియమాలు చెబుతాయి. బెల్లం నిమ్మకాయలో అంత ఉప్పు వేయరు, వేస్తే బెల్లం రుచి చచ్చిపోతుంది. మా ఇంటి లెక్క ఇది: కిలో నిమ్మకాయలు (పాతికదాకా తూగుతాయి), 150 గ్రాముల రాళ్ల ఉప్పు, 600 గ్రాముల బెల్లం, 50 గ్రాముల కారం, రెండు చెంచాల పసుపు, దోరగా వేయించి కొట్టిన మెంతిపిండి ఒక చెంచా. పదిహేను కాయలు ముక్కలు కోసి, పది కాయల రసం పిండుతారు. పిండిన తొక్కలు పారేస్తాం కాబట్టి జాడీలోకి చేరేది కిలోన్నర పైచిలుకు. అందులో ఉప్పు తొమ్మిదిన్నర శాతం. తగ్గిన ఆ కొంత కాపలాని బెల్లం, నిమ్మరసం పంచుకుంటాయి. ఎండకి నీరు ఇంకేకొద్దీ ఆ శాతం ఇంకా పెరుగుతుంది.

ఈ లెక్క అవ్వ చెప్పింది కాదు. అవ్వకి గ్రాములు తెలియవు, పిడికిలి తెలుసు. పోయిన సంక్రాంతికి కిచెన్ త్రాసు తీసుకుపోయి, ఆమె ఉప్పు తీసిన ప్రతిసారీ గిన్నె తూచాను. మూడు పిడికిళ్లు, మూడింటికీ తేడా నాలుగు గ్రాములకి మించలేదు. మన ఫస్టియర్ ల్యాబ్‌లో త్రాసు ముందు పెట్టుకుని కూడా మన బ్యాచ్‌కి అంత దగ్గరగా రీడింగులు రాలేదు. నేను రాసుకోవడం చూసి అవ్వ, "ఇది కూడా పరీక్షలో వస్తదా నాయనా?" అంది.

పెట్టే పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పల్చటి తొక్క ఉన్న పసుపుపచ్చ కాయలు ఏరుకోవాలి. గరుకు తొక్క, మందపు తొక్క వద్దు, లోపలి తెల్లపొర చేదెక్కుతుంది. కడిగి, తుడిచి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. ముక్కలకి ఉప్పు, పసుపు పట్టించి, పిండిన రసం పోసి, జాడీకి గుడ్డ కట్టి రెండు వారాలు ఉంచాలి. రోజుకొకసారి పొడి గరిటెతో కింద మీద కలపాలి. పైకి తేలిన ముక్కకి రసం అందక బూజు పట్టేది కలపకపోతేనే. తొక్క మెత్తబడ్డాక చిదిపిన బెల్లం, కారం, మెంతిపిండి. ఆ తర్వాత వారం పది రోజులు ఎండ. రసం తేనెలా సాగి గరిటెకి పట్టుకుంటే అయినట్టు. పొయ్యి మీద పెట్టి పాకం పట్టి ఒక్క పూటలో తేల్చేసేవాళ్లూ ఉన్నారు. అది నాకు నచ్చదు. నిమ్మరసం కాగితే చేదు తిరుగుతుంది, ముక్క కూడా పీచులా అవుతుంది. ఎండ నెమ్మదిగా చేసే పనిని గ్యాస్ తొందరపెట్టలేదు.

తీరంలో ఉన్నవాళ్లకి ఇంకో జాగ్రత్త. బెల్లం గాలిలో తేమని పీల్చుకుంటుంది, సముద్రం గాలి సాయంత్రానికి చెమ్మ మోసుకొస్తుంది. నాలుగున్నర, ఐదు లోపల జాడీ లోపలికి రావాలి. పగలంతా ఎండ తాగిన జాడీని రాత్రి డాబా మీద వదిలేస్తే ఎండ చేసినదంతా గాలి కడిగేస్తుంది. స్టీలు డబ్బా వద్దు, ఉప్పూ పులుపూ కలిసి దాన్ని తినేస్తాయి. గాజు సీసా అయితే మేలు, కానీ రేకు మూత పెట్టొద్దు.

ఇప్పుడు అసలు మాట. ఇది రాయాలా వద్దా అని మా గదిలో చాలా వాదన జరిగింది, రాయాలనే అనుకున్నాను.

ఊరగాయ పెట్టేచోట మడి అని ఒకటి ఉంటుంది. తడి చెయ్యి పెట్టొద్దు, ఎంగిలి గరిటె పెట్టొద్దు, స్నానం చేసి ఉతికిన బట్ట కట్టుకుని రా అంటే అందులో ప్రతి మాటకీ అర్థం ఉంది. సూక్ష్మజీవి అన్న మాట పుట్టకముందే వాటిని దూరం పెట్టడం తెలిసినవాళ్లు చెప్పిన మాట అది. కానీ అదే జాబితాలో, అదే గొంతుతో, "నెలసరిలో ఉన్న ఆడపిల్ల జాడీ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే బూజు పడుతుంది" అని కూడా ఉంటుంది. చాలామంది ఇళ్లల్లో ఇప్పటికీ ఉంది. ఇంజనీరింగ్ చదివే అమ్మాయిల ఇళ్లల్లో కూడా ఉంది. మొదటి మాటలు నిజం కాబట్టి వాటి పక్కన కూర్చున్న ఈ మాట కూడా నిజమని చెల్లుబాటయిపోతోంది.

రెండేళ్ల కిందట మా డాబా మీద జాడీ ఎండలో ఉంది. మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన. ఇంట్లో పెద్దవాళ్లు లేరు. అక్క డాబా మీదే ఉంది, జాడీకి మూడడుగుల దూరంలో. ఆ మూడు రోజులు ముట్టుకోకూడదని చెప్పి ఉన్నారు కాబట్టి ముట్టుకోలేదు. కిందికి పరుగెత్తి పక్కింటి పిన్నిని పిలుచుకొచ్చేలోపు గుడ్డలోంచి నీళ్లు దిగిపోయాయి. వారానికల్లా పైన తెల్లటి తెట్టు, ఆ తర్వాత బూజు. కిలోన్నర ఊరగాయ పెంటకుప్పలో పోశారు. తమాషా ఏంటంటే, దాన్ని చూసిన ఒక చుట్టాలావిడ "ఎవరో ముట్టుకుని ఉంటారు" అంది. అక్క లేచి లోపలికి పోయింది. ముట్టుకుని ఉంటే ఆ ఊరగాయ బతికేది.

దాన్ని చెడగొట్టింది వాన నీళ్లు. నీళ్లు పడ్డచోట ఉప్పు పలచబడింది, బెల్లం పలచబడింది, పీహెచ్ పైకి జరిగింది, పై పొరలో ఈస్ట్‌కి, బూజుకి తలుపు తెరుచుకుంది. ఇందులో అమ్మాయి ఒంటికి సంబంధించిన వేరియబుల్ ఎక్కడా లేదు. పీహెచ్ 2.5 ఉన్న రసం ఎవరి చెయ్యి తగిలిందో లెక్కలోకి తీసుకోదు. ఆ చెయ్యి తడిగా ఉందా లేదా అన్నదే దానికి కావలసింది. ఈ మాట అవ్వతో వాదించి గెలవాలని నేను చెప్పడం లేదు. నేను అట్టా గెలవలేదు. కానీ మనం పెట్టే జాడీల దగ్గర మాత్రం ఆ వాక్యం ఉండకూడదు. హాస్టల్లో ఊరగాయ పెట్టడానికి నాకు ఇంకో కారణం కూడా ఇదే. ఇక్కడ మడిలో పనికొచ్చే సగాన్ని ఉంచుకుని, మిగిలిన సగాన్ని ఎవరినీ అడక్కుండా వదిలేయొచ్చు.

ఇంకో ఫిర్యాదు మన పత్రిక మీదే. ప్రతి సంచికలో అమ్మ మీద ఒక కవిత ఉంటుంది. అందులో అమ్మ చేతి ఆవకాయ ఒకటి తప్పనిసరి. ఆ చెయ్యి ఏం చేసిందో మాత్రం ఒక్క కవితలోనూ ఉండదు. వంద నిమ్మకాయలు కోస్తే గోటి చుట్టూ చర్మం పగిలి రాత్రంతా మండుతుంది. ఉప్పు పట్టించేటప్పుడు ఆ పగుళ్లలోకి ఉప్పు దిగుతుంది. ప్రేమతో పెడితే రుచి వస్తుందని మనం రాస్తాం. రుచి వచ్చేది తొమ్మిదిన్నర శాతం ఉప్పుతో, రోజూ మర్చిపోకుండా కలపడంతో. ప్రేమ లేదని కాదు. ప్రేమ అన్న మాట పెద్దదిగా రాసేసరికి దాని వెనక ఉన్న పనీ, ఆ పనిలోని తెలివీ కనపడకుండా పోతున్నాయి. పైగా ప్రేమ అంటే నేర్చుకోనక్కర్లేదు, అందుకుంటే చాలు. పని అంటే మనం కూడా నేర్చుకోవాలి, ముఖ్యంగా మగపిల్లలం. సెలవులకి పోయి మూడు సీసాలు మోసుకొచ్చి, ఒకటి మెస్‌లో పంచి దానకర్ణుల్లా కూర్చునేది మనమే కదా. మా అవ్వకి షుగర్ వచ్చి ఆరేళ్లయింది. బెల్లం నిమ్మకాయ ఆమె తినదు. చివర్లో వేలి కొసకి ఒక్క చుక్క తీసుకుని నాలుక మీద వేసుకుని, "ఉప్పు సరిపోయింది" అని చెప్పి చెయ్యి కడుక్కుంటుంది.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేటప్పుడు గూడూరు, పొదలకూరు వైపు వాళ్లు ఎవరైనా నాలుగు కిలోలు తీసుకురండి, డబ్బులు పంచుకుందాం. ఇస్కపల్లి వైపు వాళ్లు ఉంటే ఉప్పు వాళ్లది. బెల్లం ఇక్కడే కొనొచ్చు, మరీ తెల్లగా మెరిసేది వద్దు. బాయ్స్ హాస్టల్లో రెండు జాడీలు, గర్ల్స్ హాస్టల్లో రెండు జాడీలు. డాబా తాళం కోసం వార్డెన్ గారిని అడిగాను, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా తీసి ఉంచుతామన్నారు, కోతుల పూచీ మాత్రం మాదే అన్నారు. ప్రతి జాడీకి ఒక కాగితం అంటిద్దాం: ఎన్ని గ్రాములు, ఏ తేదీ, ఎవరు కలిపారు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో పీహెచ్ మీటర్ ఉంది, వారానికొకసారి ఒక్క చుక్క చూసి రాసుకుందాం. ఇంటి నుంచి మీ అమ్మో అమ్మమ్మో వేరే కొలత చెబితే దాంతో ఇంకో జాడీ పెడదాం. కొందరు అల్లం ముక్కలు వేస్తారట, కొందరు కారం బదులు మిరియాలపొడి. అదీ చూద్దాం.

జనవరి చివర ముక్క కోస్తే ఫిబ్రవరి మూడో వారానికి తినొచ్చు. గోటితో నొక్కితే తొక్క వెన్నలా దిగాలి. అప్పటిదాకా ఎవరూ గరిటె నాకకండి.